చెయ్యి తియ్యలే

ఎల్లేశం సైకిల్ మీద మండలు కట్టే తీరు ఊరందరికీ తెలుసు, ఎవరికీ నచ్చదు. పొద్దున్నే మెట్టచెలక గట్టుకు పోయి సుబాబుల్ కొమ్మలను దోటితో వంచి కోస్తాడు. వాటిని క్యారేజీ మీద నిలువుగా కాకుండా అడ్డంగా, సగం కొసలు అటు, సగం కొసలు ఇటు వచ్చేట్టు పేర్చి, పాత ట్యూబుతో బిగిస్తాడు. నిలువుగా కడితే మలుపులో సైకిల్ ఒరుగుతుందని ఆయన వాదన. మేకల పూటమేత ఒక్క ట్రిప్పులో ఇంటికి చేరాలి, ఆయనకు కావలసింది అంతే. వెనక వచ్చేవాళ్లకు మాత్రం సైకిలూ కనిపించదు, మనిషీ కనిపించడు. రోడ్డు మీద ఒక పొద తన దారిన తాను పోతుంటుంది.

ఆ పొదతోనే పరమేష్‌కు పడదు. పరమేష్‌దీ అదే ఊరు. దివాకర్ పటేల్ ట్రాలీ నడుపుతాడు. పొద్దున టమాటా ట్రేలు కల్వకుర్తి మార్కెట్లో దింపి, ఖాళీ ట్రేలతో తిరిగి వస్తాడు. ఎల్లేశం మేతతో ఇంటికి మళ్లే వేళ, పరమేష్ ఊరికి మళ్లే వేళ ఒకటే. చాయ్ హోటల్ ముందు నలుగురూ ఉండగా పరమేష్ అననే అన్నాడు.

"మామా, గా పొదనేసుకొని తారు మీద రాకు. మట్టిలకు దిగు. ఓనాడు ఎవడో ఒకడు గుద్ది పోతడు."

ఎల్లేశం గ్లాసు కింద పెట్టాడు. "ఎవడో ఒకడంటే ఎవడు?"

పరమేష్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఎల్లేశానికి ఇంటిదాకా గుచ్చుకుంటూనే వచ్చింది. మట్టిలోకి దిగమని చెప్పడం ఎవరికైనా తేలికే. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు పోసి అంచును జానెడు ఎత్తు చేశారు. బరువు సైకిల్‌తో దిగాలంటే పడి దిగాలి, ఎక్కాలంటే ఎవరినైనా పిలవాలి. స్టీరింగ్ పట్టుకున్నవాడికి అవన్నీ ఎందుకు కనిపిస్తాయి?

తెల్లారి అదే జరిగింది. యాసంగి కోతలు, రోడ్డు సగం మేర దివాకర్ పటేల్ వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు తొక్కకుండా వడ్ల అంచున తలకాయంత రాళ్లు వరుసగా పెట్టించాడు. మిగిలిన సగంలోనే లారీ, బస్సు, ట్రాలీ, ఎల్లేశం. మలుపు వచ్చింది, వేపచెట్టు కింద మైసమ్మ గుడి వచ్చింది, వెనక హారన్ వచ్చింది. ఆ తర్వాత కుడిపక్క ఇనుప డబ్బా ఒకటి గాలి కొట్టుకుంటూ దూసుకుపోయింది. మండలను ఎవరో పట్టి గుంజినట్టయి సైకిల్ గిర్రున తిరిగింది. ఎల్లేశం కుడిచెయ్యి వడ్ల అంచున ఉన్న రాయి మీద పడింది, ఆ చెయ్యి మీద ఆయన పడ్డాడు. ఖాళీ ట్రేల చప్పుడు ఊరివైపు పోయింది, ఆగలేదు.

వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తున్న సోమమ్మ పరుగున వచ్చి లేపింది. పటేల్ దగ్గర కూలి చేస్తుంది. "ఎవలు మామా?" అని అడిగింది.

"ఇంకెవలు?" అన్నాడు ఎల్లేశం.

*

సర్కారు దవాఖానలో కుడి మణికట్టుకు సిమెంటు కట్టు వేసి, తువ్వాలతో మెడకు వేలాడదీసి పంపారు. ఇంటికి వచ్చిన ఎల్లేశం దొడ్డి ముందు మంచం వాల్చుకుని రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. భార్య గుర్వమ్మ మేకలను బయటికి తోలుతూ అంది.

"మైసమ్మ తల్లి ముందట పడ్డవు, గందుకే పానం దక్కింది."

"మైసమ్మ సంగతి తర్వాత. నువ్వు పటేల్ కొట్టం దిక్కు పోయి గా ట్రాలీ సూసి రా."

"సూసుడేంది?"

"నా మండలు గుంజుకపోయినయి. ఊకెనే పోతయా? ఏడనో ఓతాన ఆనవాలు ఉంటది."

గుర్వమ్మకు ఇష్టం లేదు. అయినా పాలచెంబు పట్టుకుని, పాలు పోసే సాకుతో పోయి వచ్చింది. వచ్చి కొంగు విప్పింది. వాడిపోయిన సుబాబుల్ రెమ్మ, తొక్క చీలికలతో సహా. ట్రాలీ వెనక తలుపు గొలుసులో ఇరుక్కుని ఉందట.

ఎల్లేశం రెమ్మను ఎడమచేత్తో అందుకుని తిప్పి చూశాడు. తన కొడవలి కోతే, ఏటవాలుగా. ఒళ్లు మండిపోయింది, లోపల ఎక్కడో తృప్తి కూడా కలిగింది. అనుమానం నిజమైతే మనిషికి నొప్పి కాస్త తగ్గుతుంది. ముందురోజు బెదిరించాడు, మర్నాడు గుద్దాడు, ఆగకుండా పోయాడు. ఇంకేం కావాలి?

"గుద్దాలని గుద్దిండంటవా?" గుర్వమ్మ నెమ్మదిగా అడిగింది.

"మరి? పొదను పక్కకు నూకుదామనుకున్నడు. పొద ఎన్క మనిషుంటడని మతికి లేదు."

*

పంచాయితీ దివాకర్ పటేల్ వాకిట్లోనే పెట్టారు. ట్రాలీ ఆయనది కనుక, ఆయన మాటకు ఊళ్లో విలువ ఉంది కనుక. పటేల్ కుర్చీలో, పరమేష్ స్తంభానికి ఆనుకుని, ఎల్లేశం అరుగు మీద. రెమ్మను ఎల్లేశం పటేల్ ముందు పెట్టాడు. పరమేష్ దాన్ని చూసి కాదనలేదు.

"తాకి ఉంటది పటేలా. నేను కాదంటలేను. కని మామ పడ్డది నాకెరుక లేదు. ఎన్క ట్రేలు గలగల మొత్తుకుంటుంటే ఏమినబడ్తది? అయినా, మామనే పొమ్మన్నడు."

"నేనా?" ఎల్లేశం లేచి నిలబడ్డాడు.

"నువ్వే మామా. హారన్ కొట్టిన. ఆకులల్లకెళ్లి నీ చెయ్యొక్కటి బయటికొచ్చింది. ఇట్లన్నవు." పరమేష్ కుడిచెయ్యి పక్కకు తీసి, కిందికి, ముందుకు విసిరాడు. "సైడ్ ఇచ్చిండనుకొని పోయిన. లేకపోతే గా సందుల నేనెందుకు దూర్త?"

నలుగురూ నవ్వారు. ఎల్లేశానికి చెవులు కాలాయి. చెయ్యి విరగ్గొట్టి, ఆ చెయ్యే పొమ్మందని చెప్పే మొగోణ్ని ఆయన ఇంతవరకు చూడలేదు.

దివాకర్ పటేల్ గొంతు సవరించుకున్నాడు. "ముచ్చట సాగదీసుడెందుకు? సంగతి ఒక్కటే. చెయ్యి ఊపినవా, ఊపలేదా? ఎల్లేశం, ఒట్టు పెడ్తవా?"

"పెడ్త." ఎల్లేశం మైసమ్మ ఉన్న దిక్కుకు తిరిగాడు. ఎడమచెయ్యి చాచాడు. "మైసమ్మ సాక్షి. నేను హ్యాండిల్ మీదికెళ్లి చెయ్యి తియ్యలే."

మైసమ్మ మీద ఒట్టు పడ్డాక ఆ ఊళ్లో ఇంకో మాట ఉండదు. పటేల్ చెయ్యి చాపితే పరమేష్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. దాన్ని ఇచ్చేముందు బొటనవేలితో ఒకసారి తుడిచాడు. పటేల్ తాళంచెవిని గోడమేకుకు తగిలించి, "రేపటికెళ్లి రాకు" అన్నాడు. అంతా ఎంత తొందరగా అయిపోయిందంటే, పోసిన చాయ్ ఇంకా చల్లారలేదు.

దారిలో గుర్వమ్మ అడిగింది. "గంత జల్ది తీర్పు జెప్పిండేంది?"

"న్యాయం మన దిక్కుంది. జల్దినే అయితది."

"గా వడ్లెవరియి? గా రాళ్లెవరియి? ఆ సంగతి ఒక్కలన్న తీస్తిరా?"

"రాయి వచ్చి నన్ను గుద్దలే."

"నీ చెయ్యి రాయి మీదనే ఇరిగింది. పొద్దున సూసిన, నీ నెత్తురు అంటిన రాయిని బోర్ల తిప్పి పెట్టిన్రు."

ఎల్లేశం నడక వేగం పెంచాడు. పటేల్ మీద కోపం తెచ్చుకోవడం ఆయనకు చేతకాని పని. పటేల్ చెలక గట్టున మండలు కొట్టుకుంటాడు, పటేల్ బోరు దగ్గర మేకలకు నీళ్లు పెడతాడు. పరమేష్ మీద కోపం అయితే చేతికి అందుతుంది.

*

ఆ తర్వాత పరమేష్ సెంట్రింగ్ పనికి కుదిరాడు. పాత సైకిల్ తుడుచుకుని రోజూ కల్వకుర్తి పోతున్నాడని సోమమ్మ చెప్పింది. పొద్దున ఎల్లేశం ఇంటి ముందు నుంచి పోతూ బెల్లు కొడతాడు. ఒక్కసారి కాదు, గుమ్మం దాటేదాకా కొడతాడు.

"ఇంటున్నవా? ఎక్కిరిస్తుండు" అన్నాడు ఎల్లేశం. "నీ లెక్కనే సైకిల్ తొక్కుతున్న, సంబరమేనా అని అడుగుతుండు."

"మేకపిల్లలు రోడ్డు మీదున్నయి. బెల్లు కొట్టకుంటే ఎట్ల?"

"నీకేం తెల్వది."

మేతకు మాత్రం కష్టమైంది. గుర్వమ్మకు దోటి పట్టడం వచ్చు గానీ సైకిల్ రాదు. నెత్తి మీద మోసి తెచ్చిన మోపు మేకలకు సగం కడుపుకే. అవి దొడ్డి కర్రలను కొరుకుతుంటే ఎల్లేశం చూడలేక ముఖం తిప్పుకునేవాడు. ఒక పొద్దున లేచి చూస్తే దొడ్డి వాకిట్లో మండల మోపు పడి ఉంది. సుబాబుల్, లేత ఆకు. నిలువుగా పేర్చి, రెండు చోట్ల బిగించి కట్టారు.

గుర్వమ్మ మోపు విప్పబోయింది. "ముట్టకు" అన్నాడు ఎల్లేశం.

"ఎవలో పుణ్యాత్ములు ఏసిపోయిన్రు."

"ఈ ఊళ్లె ఊకెనే ఏసేటోడెవడు? మందు కొట్టిన ఆకేమో. మేకలు సస్తే, ఒట్టు ఎదురుతిరిగిందని ఊరంతా జెప్పొచ్చు."

ఆయన కింద కూర్చుని ఒక రెమ్మ తుంచాడు. ఆకును ఎడమ అరచేతిలో నలిపి వాసన చూశాడు. ఎండకు ఎత్తిపట్టి, మందు మరకలున్నాయేమోనని వెతికాడు. చివరికి ఒక ఆకును నోట్లో వేసుకుని నమిలి, చాలాసేపు అలాగే కూర్చున్నాడు. గుర్వమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"సచ్చినవా?"

ఆయన ఉమ్మేశాడు. ఆమె తాడు కోసేసింది. మేకలు మోపు మీద పడ్డాయి. ఎల్లేశం ఆ పూటంతా వాటి పొట్టలు చూస్తూ గడిపాడు. వాటికేమీ కాలేదు. మర్నాడు మళ్లీ మోపు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పొద్దున బెల్లు మోగిన కాసేపటికే మోపు కనిపిస్తుందన్న సంగతి ఆయన గమనించకపోలేదు. కానీ గమనించినట్టు భార్యకు చెప్పలేదు. ఒట్టు వెనక్కి తీసుకోమని లంచం పెడుతున్నాడని తీర్మానించుకున్నాడు. తప్పు చేయనివాడు మేత ఎందుకు మోస్తాడు?

*

కట్టు చూపించుకోవడానికి రమ్మన్న రోజున ఎల్లేశం నరేష్ ఆటో ఎక్కాడు. నరేష్ పక్క ఊరి పిల్లగాడు, కొత్తగా ఆటో కొన్నాడు. వెనక సీట్లన్నీ ఆడవాళ్లతో నిండి ఉన్నాయి. "తాతా, ఇటు నా పక్కకు రా" అని ముందు సీట్లో జరిగి జాగా ఇచ్చాడు.

ఎల్లేశం ఆటో ముందు కూర్చోవడం అదే మొదలు. తాను రోజూ తొక్కే రోడ్డు అద్దంలోంచి ఇంకో రోడ్డులా కనిపించింది. గతుకులు తెలియడం లేదు, అంచు ఎంత లోతుందో తెలియడం లేదు. పక్కన నడిచేవాళ్లు ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి పోతున్నారు. ఒక కోడి అడ్డం వస్తే ఎల్లేశం కాళ్లు వాటంతటవే లేని బ్రేకును తొక్కాయి. నరేష్ చూసి నవ్వాడు.

పటేల్ వడ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. రాళ్ల వరుస మునుపటికన్నా ఇవతలికి జరిగినట్టు ఎల్లేశానికి అనిపించింది. మిగిలిన సందులో ముందు ఒక సైకిల్ పోతోంది. వెనక క్యారేజీ మీద ఖాళీ సిమెంటు సంచుల కట్ట, మనిషి తలంత ఎత్తు. తొక్కేవాడు కనిపించడం లేదు. కట్ట కింద మడమలు మాత్రం లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఆ సైకిల్‌ను ఎల్లేశం ఎక్కడున్నా గుర్తుపడతాడు. రోజూ పొద్దున దాని బెల్లు వింటున్నాడు.

"పరమేషన్న గదా?" నరేష్ హారన్ కొట్టాడు.

మలుపు వచ్చింది. వేపచెట్టు వచ్చింది. సంచుల కట్ట పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, కిందికి, ముందుకు పడింది.

"ఆఁ, పొమ్మంటుండు" అని నరేష్ గేరు మార్చాడు. ఆటో రాళ్ల వైపు వంగి ముందుకు ఉరికింది.

ఎల్లేశం ఎడమచేత్తో నరేష్ భుజం పట్టుకున్నాడు. "ఆపు. పోకు నరేషూ, ఆపు. పొమ్మంటలేడు. మైసమ్మకు మొక్కుతుండు."

నరేష్ బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి తిట్టారు. ఆటో ముక్కు, సైకిల్ హ్యాండిల్ పక్కపక్కన ఆగాయి, మధ్య చెయ్యి పట్టేంత సందు లేదు. అప్పుడు ఎల్లేశం తన ఒళ్లు చూసుకున్నాడు. కట్టు వేసిన కుడిచెయ్యి మెడలోని తువ్వాలలో లేదు. వేళ్లు నుదుటి దగ్గర ఉన్నాయి. ఎప్పుడు లేచిందో, ఎవరు లేపారో ఆయనకు తెలియదు. మణికట్టు సలపడం అప్పుడు మొదలైంది.

పరమేష్ ఒంటికాలు తారు అంచున ఆనించి వెనక్కి చూశాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆటోలో ఎవరున్నారో చూసి ఇంకా పాలిపోయింది.

"ఏంది మామా? మళ్లేం జేసిన?"

ఆ మాట ఎల్లేశానికి రాయి తగిలినట్టే తగిలింది. ఆయన ఆటో దిగి రోడ్డు మీద నిలబడ్డాడు.

"ఏం జెయ్యలే బిడ్డా. ఇప్పుడు చెయ్యెందుకు తీసినవు?"

"నేనా? నేను తియ్యలే."

"తీసినవన్నా. నన్ను పొమ్మన్నవు" అన్నాడు నరేష్ లోపలినుంచి.

"మైసమ్మ తోడు తమ్మీ, నేను హ్యాండిల్ మీదికెళ్లి చెయ్యి తియ్యలే."

మాట బయటికి వచ్చాక పరమేష్‌కు అది ఎవరి మాటో గుర్తొచ్చింది. కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి ఎత్తి చూసుకున్నాడు, అది తనదేనా అన్నట్టు. తర్వాత ఎల్లేశం మెడలో వేలాడుతున్న తువ్వాల చూశాడు, నుదుటి మీదినుంచి ఇంకా దిగని ఆయన చెయ్యి చూశాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"నేను గూడ గట్లనే" అన్నాడు ఎల్లేశం. "మొక్కి దించిన చెయ్యి ఎన్కటోనికి పొమ్మన్నట్టు కనబడ్డది. నాకెరుక లేకనే ఒట్టు పెట్టిన. నీ నోటికాడి బువ్వ తీసిన."

పరమేష్ తల వంచుకున్నాడు. "నేను గూడ ఆగలే మామా. అద్దంల మండలు గుంజుకొచ్చుడు సూసిన. పడ్డవని అనుకోలే. అయినా, ఆగి సూడాలె. గందుకే గా మేత..."

వెనకనుంచి నరేష్, దవాఖానకు పొద్దుపోతోందని, వస్తాడా రాడా అని అడిగాడు. చెయ్యి రేపు చూపించుకుంటానన్నాడు ఎల్లేశం. సైకిల్ పక్కకు జరిగేదాకా ఆగి, ఆటో మెల్లగా వెళ్లిపోయింది.

"సైకిల్ తిప్పు" అన్నాడు ఎల్లేశం. "పటేల్ ఇంటికి పోదాం. తాళంచెవి మేకుకే ఉన్నదో ఎవనికన్న ఇచ్చిండో సూద్దాం."

"కొత్తోన్ని పెట్టుకున్నడు మామా. నువ్వొచ్చి చెప్పినా ఒట్టు పెట్టినవు గదా అంటడు."

"అంటే అననీ. ఒట్టు తప్పు పెట్టిన అని చెప్త. అందరి ముందట చెప్త. గా రాళ్లెవరియని గూడ అడుగుత. ఆనాడు గుర్వమ్మ అడిగితే నేనే నోరు మూయించిన."

పరమేష్ ఆయన ముఖంలోకి చూశాడు. నమ్మాలా వద్దా అన్న చూపు అది. ఎల్లేశానికి బాగా తెలిసిన చూపే, ఇన్నాళ్లు ఆయన చూసింది అలాగే. తర్వాత పరమేష్ సంచుల కట్ట విప్పి వేపచెట్టు కింద పెట్టి, సైకిల్‌ను ఊరివైపు తిప్పాడు. ఎల్లేశం ఎడమచేత్తో సీటు పట్టుకుని క్యారేజీ మీద ఒక పక్కకు కూర్చున్నాడు.

కదిలేముందు పరమేష్ కాలు నేల మీద పెట్టి మైసమ్మకు మొక్కాడు. ఎల్లేశం మొక్కలేదు. తల్లికి ఏమని చెప్పాలో ఇంకా కూడబలుక్కోలేదు.

వడ్ల సందులో కొంచెం దూరం పోయాక వెనకనుంచి ఖాళీ ట్రేల గలగల వినిపించింది. పటేల్ ట్రాలీయే. స్టీరింగ్ దగ్గర ఎవరో కొత్తవాడు. హారన్ మోగింది. పరమేష్ తొక్కడం నెమ్మది చేశాడు.

"ఏం జెయ్యాలె మామా?"

"నువ్వు ముందట సూసి తొక్కు. ఎన్కది నేను సూస్త."

ఎల్లేశం తువ్వాలలోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. నొప్పికి పళ్లు బిగించి, తెల్ల కట్టును అందరికీ కనిపించేంత ఎత్తుకు లేపి, వేళ్లు విప్పి ట్రాలీ వైపు నిలబెట్టాడు. మలుపు తిరిగేదాకా దించలేదు. ట్రాలీ ఇంకోసారి హారన్ కొట్టి, వేగం తగ్గించి, వడ్లు అయిపోయేదాకా సైకిల్ వెనకే వచ్చింది.